జిల్లేడు ఆకు మీదే గుడ్డెందుకు?

మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లి వైపు చేల గట్ల మీద, రోడ్ల పక్కన జిల్లేడు చెట్లు కనిపిస్తాయి. మేకలు కూడా పెద్దగా ముట్టని ఆ ఆకుల్ని తిప్పి చూడండి. అడుగున ఆవగింజంత తెల్లని గుడ్డు ఒంటరిగా ఉంటే, బహుశా ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పెట్టినదే.

ఇది జిల్లేడేనని తల్లికి ఎలా తెలుస్తుంది? కాళ్లతో! ఆకును కాళ్లతో తట్టి రుచి చూస్తుంది. పిల్లపురుగు తినగలిగేది ఆ జాతి ఆకులే మరి.

జిల్లేడు పాలు విషం కదా, పురుగు చావదా? చావదు. దాని తెలివి చూడండి: ముందు ఈనె కొరుకుతుంది, పాలు కారి తగ్గాక ఆకు తింటుంది. లోపలికి పోయిన విషాన్ని ఒంట్లోనే దాచుకుంటుంది. రెక్కలొచ్చాక కూడా అది ఉంటుంది. ఒకసారి తిన్న పక్షి కక్కేసి, ఆ నారింజ రంగు రెక్కల జోలికి మళ్లీ పోదు. విషం లేని డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుకలో ఆడది కూడా అదే రంగు వేసుకొని బతికిపోతుంది!

బతుకమ్మకు తంగేడు పూలు కోసేటప్పుడు లేత ఆకులూ చూడండి. అక్కడ మాటల్డ్ ఎమిగ్రెంట్ అనే సీతాకోకచిలుక పచ్చని పిల్లపురుగు ఉండొచ్చు. కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించేది కామన్ మార్మన్ సీతాకోకచిలుక పిల్లపురుగు. దాన్ని దులిపెయ్యకండి. అమెరికా ఖండం నుంచి వచ్చిన లంటానా పూలలో ఎదిగిన సీతాకోకచిలుకలు తేనె తాగుతాయి కానీ, ఈ పురుగులకు దాని ఆకు పనికిరాదు.

జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఆకు తుంచకండి, ముట్టుకుంటే వెంటనే చేతులు కడుక్కోండి.