చెట్టు రాయిగా ఎలా మారుతుంది?

మ్యూజియంలో ఒక దుంగ ఉంది. బెరడు గీతలు, లోపలి వలయాలు చక్కగా కనిపిస్తున్నాయి. ఎత్తబోతే మాత్రం బండరాయంత బరువు! ఎందుకలా?

మామూలుగా కూలిన చెట్టును చెదలు, శిలీంధ్రాలు, బ్యాక్టీరియా తినేస్తాయి. కానీ వరద తెచ్చిన ఒండ్రులోనో, అగ్నిపర్వతపు బూడిదలోనో అది త్వరగా కూరుకుపోతే గాలి సరిగా అందదు. కుళ్లడం బాగా నెమ్మదిస్తుంది. ఈలోగా భూగర్భ జలంలో కరిగి ఉన్న సిలికా అనే ఖనిజం చెక్క కణాల్లోకి చేరి గట్టిపడుతుంది. మెల్లగా చెక్క పోతుంది, దాని అచ్చు రాయిలో మిగిలిపోతుంది. ఆ నీటిలో ఇనుము ఉంటే ఎరుపు, పసుపు రంగులు వస్తాయి.

తమిళనాడులోని తిరువక్కరైలో సుమారు 2 కోట్ల ఏళ్ల నాటి రాతి దుంగలున్నాయి. రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర ఆకల్‌లో ఉన్నవి దాదాపు 18 కోట్ల ఏళ్లవి. ఇప్పుడు ఎడారిగా ఉన్న ఆ చోట ఒకప్పుడు అడవి ఉండేదన్నమాట!

ఇలా రాయిగా మిగిలిన ప్రాణుల ఆనవాళ్లే శిలాజాలు. చెట్ల సంగతి సరే, మరి పగడాల సంగతి? పగడం చెట్టు కాదు, రాయీ కాదు. అది సముద్ర జీవి. తన చుట్టూ గట్టి సున్నపు గూడు కట్టుకుంటుంది కాబట్టి, ప్రాణి పోయినా గూడు శిలాజంగా నిలుస్తుంది. కొన్ని పగడాల గూటిపై రోజుకొక సన్నని గీత ఏర్పడుతుంది. 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త సుమారు 39 కోట్ల ఏళ్ల నాటి పగడాల్లో ఈ గీతలు లెక్కపెట్టాడు. ఏడాదికి దాదాపు 400 తేలాయి! అంటే అప్పట్లో ఏడాదికి అన్ని రోజులు. భూమి తన చుట్టూ తాను ఇప్పటికంటే వేగంగా తిరిగేది. చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్లే దాన్ని నెమ్మదింపజేస్తూ వచ్చాయి.