మగ్గం నుంచి మోటారు కారు దాకా: టయోటా కథ

టయోటా అనగానే మనకు ఇన్నోవా కళ్ళముందు మెదులుతుంది. మనకంటే కొంచెం ముందు వాళ్ళకైతే క్వాలిస్. పెళ్ళివారికైనా, తిరుపతి ప్రయాణానికైనా బండి మాట్లాడేటప్పుడు “అది దారిలో నిలబెట్టదండీ” అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఒక యంత్రానికి ఇటువంటి పేరు రావడం సామాన్య విషయం కాదు. ప్రకటనలతో బండిని అమ్మవచ్చు గాని, నమ్మకాన్ని అమ్మలేము.

దారిలో ఆగదని పేరుపడిన ఈ కారు పుట్టుక వెనుక ఉన్నది మాత్రం ఆగడం నేర్చిన ఒక యంత్రం. అది కారు కాదు, ఇంజనూ కాదు. బట్టలు నేసే మగ్గం!

అమ్మ నేసిన మగ్గం

జపాన్‌లో ఇప్పుడు కొసాయ్ అనే పట్టణంలో కలిసిపోయిన ఒక పల్లెలో 1867లో సకిచి టొయోడా జన్మించాడు. తండ్రి వడ్రంగి. ఆ ప్రాంతంలో ఆడవాళ్ళు ఇళ్ళలో బట్టలు నేసేవారు. సకిచి తల్లి కూడా నేసేది. ఆ శ్రమను చూసిన కుర్రవాడికి మగ్గాన్ని బాగుచేయాలన్న పట్టుదల కలిగింది. చదువు చూస్తే అంతంత మాత్రం. చేతిలో ఉన్నది తండ్రి నేర్పిన కొయ్యపని. ఆ విద్యతోనే 1890లో ఒక కొత్త చేమగ్గాన్ని తయారుచేసి, మరుసటి సంవత్సరం దానికి పేటెంటు సంపాదించాడు. 1896 నాటికి ఆవిరి శక్తితో నడిచే మగ్గం కూడా చేశాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చేమగ్గం మీద పోగు తెగితే నేసే మనిషికి వెంటనే తెలుస్తుంది. చేయి ఆపి, ముడివేసి, మళ్ళీ నేస్తాడు. మరమగ్గానికి ఆ తెలివి లేదు. పోగు తెగినా అది నేసుకుంటూనే పోతుంది. గంట తర్వాత చూస్తే గజాల కొద్దీ పాడైన గుడ్డ! కనుక ప్రతి మగ్గాన్నీ ఎవరో ఒకరు కళ్ళప్పగించి చూస్తూ ఉండాలి. మనిషి యంత్రానికి కాపలాదారు అయ్యాడన్న మాట.

సకిచి ఈ చిక్కు మీదనే ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1896 నాటి మగ్గమే పేక దారం తెగితే ఆగిపోయేది. 1924లో తయారైన ‘జి’ రకం మగ్గంలో పేకతో పాటు పడుగు తెగినా ఆగే ఏర్పాటు వచ్చింది. ఇందులోని సూత్రం చాలా తేలిక. పడుగు పోగుల మీద పల్చని లోహపు రేకులు వేలాడుతుంటాయి. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే ఉంటుంది. పోగు తెగగానే రేకు తన బరువుకు తాను కిందికి జారి అడ్డుపడుతుంది, మగ్గం ఆగిపోతుంది. భూమ్యాకర్షణ శక్తినే కాపలాకు పెట్టాడన్న మాట! అంతేకాదు, నాడెలో నూలు అయిపోతే మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి పడుతుంది. ఫలితంగా ఒక్క మనిషి ముప్పైకి పైగా మగ్గాలను చూసుకోగలిగాడు.

మరమగ్గాలకు పుట్టినిల్లయిన ఇంగ్లండులోనే, ఓల్డ్‌హామ్ పట్టణపు ప్లాట్ బ్రదర్స్ కంపెనీ 1929లో లక్ష పౌండ్లకు ఈ మగ్గం హక్కులు కొనడానికి ఒప్పుకున్నది. సకిచి ఆ మరుసటి ఏడు, 1930లో కన్నుమూశాడు.

పొలం పేరు, కారు పేరు

సకిచి కొడుకు కీచిరో టోక్యో విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు చదివాడు. ఆ రోజుల్లో జపాన్ రోడ్ల మీద తిరిగేవి చాలా వరకు అమెరికా బండ్లే. ఫోర్డ్ 1925లోను, జనరల్ మోటార్స్ 1927లోను జపాన్‌లోనే కార్ఖానాలు పెట్టి విడిభాగాలు బిగించి అమ్ముతున్నాయి. మన బండి మనమే ఎందుకు చేసుకోకూడదన్నది కీచిరో ప్రశ్న. 1933లో మగ్గాల ఫ్యాక్టరీలోనే ఒక మోటారు విభాగం తెరిచాడు. 1935లో మొదటి ట్రక్కు, 1936లో ‘ఏఏ’ అనే మొదటి కారు అమ్మకానికి వచ్చాయి. తొలి ట్రక్కులు తరచు చెడిపోయేవి. ఎక్కడ చెడితే అక్కడికి మనుషులను పంపి బాగుచేయించి, ఏ భాగం ఎందుకు విరిగిందో తెలుసుకుని మార్చుకుంటూ పోయారు. చెడిపోదని పేరు తెచ్చుకున్న బండి చరిత్ర చెడిపోవడంతోనే మొదలైందన్న మాట.

ఇంటిపేరు టొయోడా. ఆ మాటకు ‘బాగా పండే వరి పొలం’ అని అర్థం. 1936లో సంస్థ చిహ్నం కోసం జనంలో పోటీ పెడితే సుమారు 27,000 ఎంట్రీలు వచ్చాయి. గెలిచినదానిలో పేరు ‘టొయోటా’ అని ఉంది. జపాన్ లిపిలో అలా రాస్తే సరిగ్గా ఎనిమిది గీతలు పడతాయి. ఎనిమిది వాళ్ళకు కలిసివచ్చే అంకె! ఆ విధంగా పొలం పేరు కాస్తా కారు పేరు అయింది. 1937 ఆగస్టులో టయోటా మోటార్ కంపెనీ విడిగా ఏర్పడింది. తర్వాత కార్ఖానా ఉన్న కొరొమో పట్టణం పేరునే 1959లో టయోటా నగరంగా మార్చారు.

గోదాము నిండితే లాభమా, నష్టమా?

యుద్ధం ముగిసేసరికి జపాన్ చితికిపోయింది. 1949, 50 సంవత్సరాలలో కంపెనీ దివాలా అంచుకు చేరింది. బ్యాంకులు కోతలు పెట్టమన్నాయి. సమ్మె జరిగింది. సుమారు 1,600 మంది ఉద్యోగాలు వదలవలసి వచ్చింది. దానికి బాధ్యత వహిస్తూ అధ్యక్షుడు కీచిరో కూడా 1950 జూన్‌లో రాజీనామా చేశాడు. అదే నెలాఖరున కొరియా యుద్ధం మొదలై, అమెరికా సైన్యం ట్రక్కులకు ఆర్డర్లివ్వడంతో కంపెనీ ఊపిరి పీల్చుకుంది. ఆ మంచిరోజులు పూర్తిగా చూడకుండానే 1952లో కీచిరో మరణించాడు.

డబ్బులేదు, స్థలంలేదు, వృథా చేసే సామగ్రి అంతకన్నా లేదు. ఈ లేమిలోంచే తైచి ఓనో అనే ఇంజనీరు ఒక పద్ధతిని రూపొందించాడు. రైతు ఇంట్లో గాదె నిండితే ఐశ్వర్యం. ఓనో లెక్కలో మాత్రం నిండిన గోదాము నష్టానికి గుర్తు. ఎందుకంటే విడిభాగాలు వేలకు వేలు ముందే చేసి పోగుపెడితే డబ్బు ఇరుక్కుపోతుంది. పైగా వాటిలో లోపముంటే నెల తర్వాత గాని బయటపడదు. అప్పటికి వేల భాగాలు పాడైవుంటాయి. అందుకని ఏ భాగం, ఎప్పుడు, ఎన్ని కావాలో అప్పుడే, అన్నే చేయాలన్నాడు. అమెరికాలోని పెద్ద దుకాణాలలో కొనేవాళ్ళు సరుకు తీసుకుపోయిన మేరకే అలమర మళ్ళీ నింపుతారు కదా, ఆ పద్ధతినే కార్ఖానాలో పెట్టాడు. వాడేసిన భాగాలకు బదులు ఎన్ని కావాలో తెలిపే చీటీ వెనక విభాగానికి పోతుంది. ఈ చీటీనే ‘కాన్‌బాన్’ అంటారు.

రెండోది సకిచి మగ్గం నుంచి వచ్చిన సూత్రం. దీన్ని ‘జిదోకా’ అంటారు. స్వయంచాలకం అనే అర్థమిచ్చే జపాన్ మాటలో ఒక అక్షరానికి ‘మనిషి’ గుర్తును చేర్చి ఈ మాట రాస్తారు. మనిషి తెలివి కలిసిన యంత్రం అని భావం. కార్లు బిగించే వరుస పొడవునా ఒక తాడు ఉంటుంది. ఏ పనివాడికైనా లోపం కనిపిస్తే ఆ తాడు లాగవచ్చు. దీపం వెలుగుతుంది, పైవాడు పరుగున వస్తాడు. అప్పటికప్పుడు సరిపడకపోతే వరుస మొత్తం ఆగిపోతుంది. ఆగిన ప్రతి నిమిషమూ నష్టమే. అయినా సరే, లోపాన్ని ముందుకు పంపకూడదు! తెగిన పోగు దగ్గర జారిపడే రేకు పనిని ఇక్కడ మనిషి చేస్తున్నాడు.

వరుస ఆపినంత మాత్రాన సరిపోదు. ఎందుకు ఆగిందో తేల్చాలి. దానికి ఓనో చెప్పిన ఉపాయం, “ఎందుకు?” అని ఐదుసార్లు అడగడం. మన పొలాల సంగతే తీసుకోండి. బోరు మోటారు కాలిపోయింది. ఎందుకు? వైండింగు వేడెక్కింది. ఎందుకు వేడెక్కింది? కరెంటు ఎక్కువ లాగింది. ఎందుకు లాగింది? వోల్టేజి పడిపోయింది. ఎందుకు పడిపోయింది? ట్రాన్స్‌ఫార్మర్ మీద దాని శక్తికి మించి మోటార్లున్నాయి. ఎందుకున్నాయి? బోర్లు పెరిగినా ట్రాన్స్‌ఫార్మర్ మార్చలేదు. మొదటి ప్రశ్నతో ఆగినవాడు వైండింగు చుట్టించుకుని వస్తాడు. పదిహేను రోజులకు మోటారు మళ్ళీ కాలుతుంది. చివరి ప్రశ్న దాకా పోయినవాడికి అసలు జబ్బు కనబడుతుంది.

అమెరికాలో పరీక్ష

1957లో టయోటా తన క్రౌన్ కారును అమెరికాకు పంపింది. అక్కడి హైవేల వేగానికి అది తట్టుకోలేకపోయింది. ఇంజను వేడెక్కేది, బండి వణికేది. 1960లో ఆ కార్ల ఎగుమతి ఆపేసి, లోపాలు దిద్దుకుని, 1965లో కరోనా అనే కొత్త కారుతో మళ్ళీ వెళ్ళింది. ఈసారి నిలబడింది. మరుసటి ఏడు వచ్చిన కొరొల్లా సంగతి చెప్పనక్కరలేదు. 2021 నాటికి ఆ పేరుతో అమ్ముడైన కార్లు 5 కోట్లు దాటాయి. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు తక్కువ పెట్రోలుతో నడిచే చిన్న కార్ల విలువ అమెరికా వారికి బాగా తెలిసివచ్చింది.

ఇదంతా జపాన్ వాళ్ళ స్వభావం, ఇంకొకరికి సాధ్యం కాదు అనేవారున్నారు. దానికి సమాధానం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో దొరికింది. అక్కడ జనరల్ మోటార్స్ నడిపిన కార్ఖానాకు చాలా చెడ్డపేరు. పనివాళ్ళు రారు, రోజూ తగాదాలు. 1982లో మూతపడింది. 1984లో రెండు కంపెనీలూ కలిసి దాన్నే తెరిచి, చాలా వరకు ఆ పాత పనివాళ్ళనే పెట్టుకున్నాయి. మారినది పద్ధతి. వరుస ఆపే తాడు పనివాడి చేతికి వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి అక్కడి కార్లు జపాన్ కార్ల నాణ్యతకు దీటుగా నిలిచాయి. మనుషులు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ మాట వినే ఏర్పాటే లేదన్న సంగతి దీనివల్ల రుజువైంది.

పేరుకు పడ్డ మచ్చలు

ఇంతటితో ఆపితే ఇది కంపెనీ వారి ప్రకటన అవుతుంది. నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. సతోషి కమాతా అనే పాత్రికేయుడు 1972లో టయోటాలో తాత్కాలిక కార్మికుడిగా చేరి కొన్ని నెలలు పనిచేసి, ఆ వరుస వేగానికి మనిషి ఎలా నలిగిపోతాడో పుస్తకం రాశాడు. మన పొరుగున కర్ణాటకలోని బిడదిలో, క్వాలిస్, ఇన్నోవాలు తయారైన కార్ఖానాలో కూడా 2020 నవంబరులో వివాదం లాకౌట్ దాకా పోయింది. పనిభారమే అక్కడి కార్మికుల ఫిర్యాదులలో ముఖ్యమైనది.

2008లో టయోటా జనరల్ మోటార్స్‌ను దాటి అమ్మకాలలో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. మరుసటి ఏడే దెబ్బ తగిలింది. ఆక్సిలరేటర్ పెడల్ కాలికింది మ్యాట్‌లో చిక్కుకోవడం, కొన్నిటిలో పెడలే సరిగా పైకి రాకపోవడం బయటపడింది. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక కారు ఆగక నలుగురు చనిపోయారు. 80 లక్షలకు పైగా బండ్లను వెనక్కు పిలవవలసి వచ్చింది. కీచిరో మనవడు, కంపెనీ అధ్యక్షుడు అకియో టొయోడా 2010 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసు ముందు నిలబడి, మనుషులనూ సంస్థనూ తీర్చిదిద్దుకోగల వేగానికి మించి పెరిగామని ఒప్పుకున్నాడు. లోపం గురించి జనాన్ని తప్పుదారి పట్టించినందుకు 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు చెల్లించింది.

2023లో ఇంకో సంగతి బయటికి వచ్చింది. టయోటాకు పూర్తిగా చెందిన దైహత్సు కంపెనీలో భద్రతా పరీక్షలు ఏళ్ళ తరబడి తారుమారు చేశారు. విచారణ సంఘం 64 మోడళ్ళలో 174 అక్రమాలు లెక్కతేల్చింది. కొన్ని పరీక్షలలో ఎయిర్‌బ్యాగు సెన్సర్ వల్ల కాక, టైమరు పెట్టడం వల్ల తెరుచుకుంది! ఎందుకిలా అంటే, గడువులు మరీ బిగించారు, కుదరదని చెప్పే ధైర్యం కిందివారికి లేకపోయింది. 2024లో టయోటా సొంత పరీక్షలలోనూ అక్రమాలు బయటపడి, మూడు మోడళ్ళ ఉత్పత్తిని ఆపవలసి వచ్చింది.

కార్ఖానా వరుస మీద తాడు ఉంది. పరీక్షల గదిలో లేకపోయింది. ఎక్కడ తాడు లేదో సరిగ్గా అక్కడే పోగు తెగింది.

మనకు సంబంధించినది

సైన్సు విద్యార్థులుగా మనం గ్రహించవలసినది ఇక్కడే ఉంది. ప్రాక్టికల్స్‌లో రీడింగు పుస్తకంలోని విలువకు దూరంగా వస్తే రికార్డులో “సర్దడం” అన్ని కాలేజీలలోనూ వినేమాటే. సర్దిన రీడింగుకూ, టైమరుతో తెరిచిన ఎయిర్‌బ్యాగుకూ తేడా ఏమిటో ఆలోచించండి. రెండింటిలోనూ తెగిన పోగు మీద నేసుకుంటూ పోవడమే. మార్కులు వస్తాయి, గుడ్డ మాత్రం పాడైపోతుంది. అయితే తప్పు మొత్తం విద్యార్థి మీదకు తోయడం న్యాయం కాదు. “సార్, నా రీడింగు తప్పు వస్తోంది, ఎందుకో తెలియడం లేదు” అన్న విద్యార్థికి మార్కులు కోసే చోట ఎవరూ తాడు లాగరు. ఆ మాట అన్నవాడి దగ్గరికి వచ్చి, పరికరం చూసి, కలిసి కారణం వెదికే లెక్చరర్లున్న ల్యాబులో సర్దవలసిన అవసరమే ఉండదు.

సకిచి మగ్గం గొప్పతనం అది వేగంగా నేయడంలో లేదు. తప్పు జరిగిన క్షణాన ఆగడంలో ఉంది. అలా ఆగగలిగినంత కాలం టయోటా పేరు నిలిచింది, ఆగలేకపోయిన చోట మాసింది. పేరు కంపెనీకైనా, కాలేజీకైనా, మనిషికైనా అలాగే వస్తుంది, అలాగే పోతుంది.