పాలు మానిన తెలుగు భోజనం

జంతువుల నుంచి వచ్చే ఏ పదార్థాన్నీ ముట్టకుండా, అంటే మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనెలను కూడా విడిచిపెట్టి, మొక్కల నుంచి లభించే ఆహారంతోనే జీవించే పద్ధతిని వీగన్ ఆహారపద్ధతి అంటారు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు పాలను కూడా తీసుకోని శాకాహారుల కోసం ప్రత్యేకంగా ఒక సంఘాన్ని ఏర్పాటు చేసుకుని ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. జంతువులను వాడుకోవడం సాధ్యమైనంత వరకు, ఆచరణకు వీలైనంత వరకు మానుకోవాలని ఆ సంఘం తరువాతి కాలంలో తన నిర్వచనంలో చేర్చింది. ఈ సడలింపును కొత్తగా మారదలచినవారు మొదటి రోజు నుంచే గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఎక్కడో ఒకచోట నెయ్యి చుక్క పడిందని మొత్తం ప్రయత్నాన్నే వదులుకోవడం ఎవరికీ మేలు చేయదు.

తెలుగు నేల మీద ఈ మార్పుకు ఒక ప్రత్యేక స్వభావం ఉంది. కేంద్ర ప్రభుత్వపు 2014 నాటి నమూనా నమోదు సర్వే లెక్కల ప్రకారం పదిహేనేళ్లు పైబడినవారిలో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ సుమారు 98 శాతం మంది మాంసాహారులే. అయినప్పటికీ చాలా ఇళ్లలో మాంసం ఆదివారానికో, పండుగకో, చుట్టాల రాకకో పరిమితమైన వంటకం కాగా, పాలు మాత్రం ఉదయపు కాఫీతో మొదలై, పప్పన్నంలో నెయ్యిగా, భోజనం చివర పెరుగుగా, ఎండవేళ మజ్జిగగా, రాత్రి పిల్లల గ్లాసులో పాలుగా రోజంతా తిరుగుతూనే ఉంటాయి. కోడికూర మానినవారికి వారంలో ఒక పూట వెలితి కనిపిస్తే, పాలు మానినవారికి ప్రతి పూటా వెలితి కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ వీగన్ ఆహారానికి మారడమంటే ప్రధానంగా పాడితో పెనవేసుకున్న అలవాట్లను మార్చుకోవడమే.

మారేవారు చెప్పే కారణాలలో ఆరోగ్యం, పర్యావరణం ఉన్నా, అన్నింటికంటే బలమైనది పశువు పట్ల కరుణ. ఆవైనా గేదె అయినా ఈనితేనే పాలిస్తుంది గనుక పాడి సాగాలంటే పశువు మళ్లీ మళ్లీ చూలు కట్టవలసి ఉంటుంది. పుట్టిన దున్నదూడకు పాడి ఇంట్లో పని లేదు, వట్టిపోయిన గేదెను మేపడం రైతుకు భారం, అందువల్ల అవి చివరకు కబేళాకు చేరుతుంటాయి. పాలు శాకాహారమే గనుక వాటిలో హింస లేదని నమ్మినవారిని కలవరపెట్టే నిజం ఇది. తెలిసిన తరువాత పాలు మానాలనుకునేవారి నిర్ణయాన్ని వేళాకోళం చేయడం తగదు.

అలవాటును మార్చుకోవడంలో తొలి మెట్టు ఏ పదార్థానికి ఏది ప్రత్యామ్నాయం అని దుకాణంలో వెతకడం కాదు, ఆ పదార్థం భోజనంలో ఏ పని చేస్తున్నదో గమనించడం. పప్పన్నం మీద, కందిపొడి అన్నం మీద, ఆవకాయ ముద్దలో నెయ్యి చేసే పని కారాన్ని తగ్గించడం, పొడిగా ఉన్న ముద్దకు జారుదనం ఇవ్వడం, కడుపు నిండిన తృప్తినివ్వడం. ఈ మూడు పనులనూ నువ్వుల నూనె, తెలుగు ఇళ్లలో పప్పునూనె అని పిలుచుకునే నూనె, చక్కగా చేయగలదు. ఆవకాయ కలిపేదే ఆ నూనెతో గనుక రుచిలో పొసగని సమస్య కూడా రాదు. సువాసన మాత్రం నేతిది కాదు, ఆ తేడాను ఒప్పుకుని ముందుకు సాగడమే మంచిది.

పెరుగు సంగతి ఇంత తేలికగా తేలదు. పెరుగన్నం తినకపోతే భోజనం పూర్తి కానట్టు అనిపించే మనసు చిన్ననాటి నుంచి ఏర్పడినది. పెరుగు కారపు కూరల తరువాత నాలుకను చల్లబరుస్తుంది, పులుపునిస్తుంది, కొంత ప్రోటీన్, కొంత కాల్షియం అందిస్తుంది, అన్నిటికీ మించి భోజనం ముగిసిందని శరీరానికి తెలియజేస్తుంది. ఈ పనులన్నిటినీ ఒకే పదార్థం చేయాలని పట్టుపట్టకుండా విడదీసి చూస్తే దారి కనిపిస్తుంది. పులుపుకు చారు, పచ్చిపులుసు ఉన్నాయి, చలువకు సబ్జా నీళ్లు, నిమ్మరసం ఉన్నాయి, ప్రోటీన్‌కు పప్పుదినుసులు, కాల్షియానికి రాగులు, ఆకుకూరలు ఉన్నాయి. భోజనాన్ని ముగించే తెల్లని చల్లని ముద్దే కావాలనుకునేవారికి వేరుశనగ పెరుగు ఉంది.

వేరుశనగ గుళ్లను రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, నీళ్లు పోస్తూ మెత్తగా రుబ్బి, పలుచని గుడ్డలో వడకడితే వచ్చే పాలను అడుగంటకుండా కలుపుతూ మరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేస్తే ఈ పెరుగు తయారవుతుంది. మొదటిసారి తోడుకు పాల పెరుగు వాడకూడదు గనుక నాలుగైదు పచ్చిమిరపకాయల తొడిమలను ఆ పాలలో వేసి మూతపెడతారు. పాలను పులియబెట్టి పెరుగుగా మార్చే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా జాతులు తొడిమల మీద సహజంగా ఉండడమే ఇందుకు కారణం. తొలిసారి సరిగా తోడుకోకపోయినా, దానినే తోడుగా వేస్తే తరువాతి విడత గట్టిగా వస్తుంది. వేరుశనగ వాసన పచ్చిగా తగులుతుందనేవారు ఆవాలు, అల్లం, కరివేపాకు, ఎండుమిరపలతో తాలింపు వేసి దద్ధోజనంగా కలుపుకోవచ్చు, సొరకాయ, బెండకాయ ముక్కలతో మజ్జిగపులుసుగా కాచుకోవచ్చు. కొబ్బరిపాల పెరుగు రుచికరమే కాని అందులో కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ తక్కువ గనుక రోజూ వాడడానికి వేరుశనగ, సోయా పెరుగులే మేలు.

ప్రతి పూటా పెరుగు తినడం తెలుగువారందరికీ తరతరాల ఆచారమన్న భావన కూడా సరైనది కాదు. పాడి ఉన్న ఇళ్లకూ, కొనగలిగిన ఇళ్లకూ అది ఆచారం. పాడి లేని ఇళ్లలో గంజి, కడుగునీళ్లను కుండలో పులియబెట్టిన తరవాణి, రాగి అంబలి, జొన్న అంబలి, రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచిన చద్దన్నం, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఆ స్థానంలో ఉండేవి. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ పథకంతో పాల ఉత్పత్తి, సేకరణ పెరిగి, ప్యాకెట్ పాలు ఊరూరా అందుబాటులోకి వచ్చాక పెరుగు చాలామందికి నిత్యాహారమైంది. పులియడం వల్ల వచ్చే పులుపు, చలువ పాలకే సొంతం కావు కాబట్టి, పాలు మానినవారు అరుదైన విదేశీ సరుకుల కంటే ముందు ఈ కుండల వైపు చూడడం మంచిది.

కాఫీ, టీల విషయంలో పట్టుదల కంటే ఉపాయం ఎక్కువ పనిచేస్తుంది. చిక్కటి డికాక్షన్‌లో సోయా పాలు పోస్తే విరిగిపోవడానికి కారణం కాఫీలోని ఆమ్లగుణం, వేడి కలిసి సోయా ప్రోటీన్‌ను గడ్డకట్టించడం. పాలను ముందుగా వెచ్చజేసి, అందులో డికాక్షన్‌ను కొద్దికొద్దిగా కలిపితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ఓట్స్ పాలు అంత తేలికగా విరగవు, అయితే వాటి ధర ఎక్కువ. అల్లం, నిమ్మరసం వేసిన పాలు లేని టీకి నాలుక అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. భోజనం చేసిన వెంటనే మాత్రం టీ, కాఫీలు తాగకూడదు, ఎందుకంటే వాటిలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఆహారంలోని ఇనుమును శరీరం గ్రహించకుండా అడ్డుకుంటాయి.

మాంసం, చేపలు, గుడ్లు, పెరుగు ఒకేసారి తొలగినప్పుడు విస్తట్లో మిగిలేది అన్నం, కూర, పచ్చడి మాత్రమే అయితే ఆ మార్పు అపాయకరం. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో చేసిన సిఫారసు ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దవారికి శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ రోజూ కావాలి, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో ఇరవై గ్రాములకు కొంచెం పైన ప్రోటీన్ ఉంటుంది గాని, నలుగురికి ఒక గుప్పెడు పప్పు వేసి వండే పలుచని పప్పుచారుతో ఆ లెక్క తీరదు. ముద్దపప్పు, పెసరట్టు, శనగ గుగ్గిళ్లు, అలసందల కూర, ఉలవచారు, వేరుశనగ పొడి, సోయా పనీర్ అనే టోఫు, ప్రోటీన్ దాదాపు సగం బరువు ఉండే మీల్ మేకర్ వంటివి రోజుకు రెండు మూడు సార్లు విస్తట్లో కనిపించాలి. బియ్యంలో కొరవడిన లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులలో ఉంటుంది, పప్పులలో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది కాబట్టి ఇవి ఒకదాని లోటును మరొకటి తీరుస్తాయి. పనసపొట్టు కూర నమిలేటప్పుడు మాంసాన్ని తలపిస్తుందని దానినే మాంసానికి బదులుగా భావించడం మాత్రం పొరపాటు, అందులో ప్రోటీన్ చాలా తక్కువ.

పప్పులను ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం, గ్యాస్ తప్పవు, వీటికి భయపడి వెనుదిరిగేవారూ ఉంటారు. పేగులలోని సూక్ష్మజీవులు కొత్త పీచుపదార్థానికి అలవాటు పడేందుకు కొన్ని వారాల వ్యవధి ఇవ్వాలి, గింజలను రాత్రంతా నానబెట్టి ఆ నీటిని పారబోసి వండాలి, మొలకెత్తించి వండితే ఇంకా మంచిది. నానడం, మొలకెత్తడం, పులియడం వల్ల గింజలలోని ఫైటేట్లు తగ్గుతాయి. ఇవి ఇనుము, జింకులను పట్టి ఉంచి శరీరానికి అందకుండా చేసే పదార్థాలు. అలాగే ఆకుకూరపప్పులో చివర నిమ్మరసం పిండడం, భోజనంలో ఉసిరి పచ్చడి ఉంచుకోవడం వంటివి విటమిన్ సి ద్వారా మొక్కల ఇనుమును బాగా ఒంటబట్టిస్తాయి. నెలసరి వచ్చే వయసులో ఉన్న స్త్రీలకు ఇది మరీ ముఖ్యం.

కాల్షియం విషయంలో పాలు మానితే ఎముకలు గుల్లబారుతాయన్న భయం సగం నిజమే, ఎందుకంటే పాలు మాని వాటి చోట ఏమీ పెట్టకపోతే అలాగే జరగవచ్చు. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం కాగా, వంద గ్రాముల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు, వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటాయి. మునగాకు, తోటకూర, కరివేపాకు పొడి, నువ్వుల పొడి తోడైతే లోటు తగ్గుతుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా దానిలోని ఆక్సలేట్లు దానిని శరీరానికి అందనివ్వవు. ఇదే సమయంలో సహజ ఆహారం మీద మోజుతో అయోడిన్ ఉప్పు మానేసి సైంధవ లవణానికి మారేవారు ఉన్నారు. పాలు, చేపలు, గుడ్ల ద్వారా వచ్చే అయోడిన్ ఆగిపోయిన వేళ ఆ ఉప్పును కూడా మానడం థైరాయిడ్‌కు చేటు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనది విటమిన్ బి12 విషయంలో. దీనిని మొక్కలు తయారుచేయవు, జంతువులూ తయారుచేయవు, కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే తయారుచేస్తాయి, జంతువుల శరీరంలో చేరినది మాంసం, పాలు, గుడ్ల ద్వారా మనిషికి అందుతుంది. రోజుకు కావలసినది రెండు మైక్రోగ్రాములకు కొంచెం పైన, అంటే గ్రాములో పది లక్షల వంతు చొప్పున రెండు వంతులు మాత్రమే. కాలేయంలో నిల్వ ఉన్న బి12 కొన్నేళ్లపాటు సరిపోవచ్చు గనుక మారినవారికి మొదట ఏ లక్షణమూ కనిపించక ధీమా కలుగుతుంది. ఆ తరువాత నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు మొదలవుతాయి. నరాలకు కలిగిన నష్టం ముదిరితే పూర్తిగా బాగుకాకపోవచ్చు.

ఇక్కడ తెలుగువారికి పరిచితమైన ఒక పేరు ప్రస్తావనకు వస్తుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1940ల నడుమ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ మందు ఒక రకం తీవ్ర రక్తహీనతలో రక్తాన్ని మెరుగుపరచినా నరాల క్షీణతను ఆపలేకపోతున్నదని వైద్యులు గమనించారు, ఆ లోటును తీర్చే బి12ను శాస్త్రవేత్తలు 1948లో వేరుచేశారు. ఆకుకూరలు, పప్పులు దండిగా తినే వీగన్ ఆహారంలో ఫోలేట్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి రక్తపరీక్షలో రక్తహీనత బయటపడకుండానే నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇడ్లీ, దోసెల పిండి పులిసినందువల్లనో, స్పిరులినా వంటి నాచు పొడులవల్లనో బి12 అందుతుందన్న ప్రచారాన్ని నమ్మకూడదు. మాత్ర తప్పనిసరి. రోజుకు కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి ఒకసారి 2000 మైక్రోగ్రాములు తీసుకోవాలని ఇంగ్లండులోని వీగన్ సంఘమే సూచిస్తున్నది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 ఇంకా త్వరగా తగ్గవచ్చు గనుక వారు వైద్యుని సలహా లేకుండా ఈ మార్పుకు పూనుకోరాదు.

కొనుగోళ్లలో ప్యాకెట్ మీద కనిపించే పచ్చచుక్కను చూసి సరిపెట్టుకోవడానికి లేదు, పాలు, తేనె ఉన్న పదార్థాలకు కూడా ఆ గుర్తే ఉంటుంది. 2022లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వీగన్ పదార్థాలకు వేరే నియమాలు తెచ్చి, ఆకుతో కూడిన ఆకుపచ్చ ఆంగ్ల అక్షరం ‘వి’ని గుర్తుగా నిర్ణయించింది. ఆ గుర్తు లేనప్పుడు బిస్కెట్లు, బ్రెడ్, చాక్లెట్ల మీద పాలపొడి, పాలవిరుగుడు నీటి నుంచి వచ్చే వే, పాలలోని ప్రోటీన్ అయిన కేసిన్, జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీసే జెలటిన్ అన్న మాటల కోసం చూడాలి.

పండుగలలో అనుకున్నంత చిక్కు లేదు. ఉగాది పచ్చడిలో, వినాయక చవితి ఉండ్రాళ్లలో, సంక్రాంతి నువ్వుల చిమ్మిలిలో, కొబ్బరి లౌజులో పాలు గాని నెయ్యి గాని అవసరం లేదు, పరమాన్నాన్ని కొబ్బరిపాలతో వండవచ్చు. పూతరేకులు, సున్నుండలు నెయ్యి లేకుండా ఆ రుచికి రావు. దేవుని ప్రసాదం, బంధువుల ఇంట పెళ్లి భోజనం, వృద్ధురాలైన అమ్మమ్మ ప్రేమతో కలిపి పెట్టిన ముద్ద ఎదురైనప్పుడు ఎవరి మనస్సాక్షి ప్రకారం వారు నడుచుకోవాలి. ముందుగా ఫోన్ చేసి చెప్పడం వల్ల పెద్దల మనసు నొచ్చుకోకుండా చాలా ఇబ్బందులు తప్పుతాయి. ఇంట్లో ఒకరు మారినందుకు మిగిలినవారందరి పెరుగు గిన్నె ఎత్తిపెట్టమనడం మాత్రం న్యాయం కాదు.

మారదలచినవారు తొలి వారంలోనే హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి పరీక్షలు చేయించుకోవాలి, ఏడాదికి ఒకసారి మళ్లీ చేయించుకోవాలి. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు ఉన్న ఇళ్లలో వైద్యునితోనూ పోషకాహార నిపుణునితోనూ మాట్లాడిన తరువాతే పాలు, గుడ్లు ఆపాలి, తల్లి బి12 తీసుకోకుండా చంటిబిడ్డకు పాలివ్వడం బిడ్డ మెదడు ఎదుగుదలకు ప్రమాదమని దయచేసి మరచిపోవద్దు.