కాపీ తప్పు చెప్పే చుట్టరికం

ఇద్దరు పిల్లల నోట్సులో ఒకే లెక్కకు సరైన జవాబు ఉంటే మనకు అనుమానం రాదు. ఒకేచోట ఒకే వింత తప్పు ఉంటే మాత్రం, ఒకరిది చూసి ఒకరు రాశారని ఇట్టే తెలిసిపోతుంది. ప్రోటీన్లను పోల్చి జీవుల వంశవృక్షం గీసే పద్ధతికి మూలం ఇదే. పదో తరగతిలో పరిణామం పాఠానికి నేను దీన్నే వాడుతున్నాను.

సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ మన కణాల్లో శక్తి తయారీకి అవసరం. మనిషిలో అది 104 అమైనో ఆమ్లాల దండ. చింపాంజీ దండ అచ్చం మనదే. రీసస్ కోతికి ఒక్క పూస తేడా. (తిరుత్తణి మెట్లెక్కేటప్పుడు చేతిలో పండు లాక్కునేది ఇది కాదు, రీసస్ ఉత్తరాదిది.) గుర్రానికి 12, ఈస్ట్‌కు 40కి పైగా తేడాలు. 1967లో ఫిచ్, మార్గోలియాష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇలాంటి తేడాలు లెక్కగట్టి 20 జీవులకు ఒక వృక్షం గీశారు.

క్లాసులో చార్టు ముక్కల మీద నాలుగు దండలు రాయించాను. తేడా తక్కువున్న జంటను ముందు కలపాలి. మనిషి, చింపాంజీ ఒక కొమ్మ. దానికి కోతి, ఆ తర్వాత గుర్రం.

అప్పుడొక అమ్మాయి లేచి, "సార్, 58వ పూస కోతికీ గుర్రానికీ ఒకటే ఉంది. అవే దగ్గర చుట్టాలు కావా?" అంది. నిజమే. ఆ రెంటికీ అక్కడ త్రియోనిన్, మనకూ చింపాంజీకీ ఐసోల్యూసిన్. కానీ త్రియోనిన్ పాతది, అంటే సరైన జవాబు లాంటిది. అది ఇద్దరి దగ్గరా మిగిలినంత మాత్రాన దగ్గరివాళ్లు కారు. కొత్తగా వచ్చిన మార్పును పంచుకున్నది మనమూ చింపాంజీయే. గుర్రంతో మనకున్న మిగతా 11 తేడాల్లోనూ కోతి మన పక్షమే.

అయితే ఒకే తప్పు ఇద్దరూ విడివిడిగా చేయవచ్చు కదా? దీనికి ఉదాహరణ మా పిల్లల నోట్లోనే ఉంది. కన్నడంలో కివి, తెలుగులో చెవి, తమిళంలో సెవి. ఈ ఒక్క మాటే చూస్తే తెలుగు, తమిళం జంట అనిపిస్తుంది. కానీ భాషావేత్తల వృక్షంలో తమిళానికి దగ్గరిది కన్నడం. 'క' మారడం తెలుగు, తమిళాల్లో వేరువేరుగా జరిగింది. అందుకే ఒక్క పూసను నమ్మకూడదు, దండంతా లెక్కపెట్టాలి.

"తెలుగు మీడియంలో సైన్సు చదివితే రేపు కాలేజీలో తట్టుకుంటాడా సార్?" అని తిరువళ్లూరు నుంచి వచ్చిన ఒక తండ్రి అడిగారు. ఇంగ్లీషు పదాలు నేర్పాల్సిందే, నేర్పుతున్నాం. ఆయనకు వాళ్లబ్బాయి గీసిన వృక్షం చూపించాను. కోతి నుంచి మనిషి పుట్టాడని రాశావా అని తండ్రి నవ్వితే, "కాదు నాన్నా, ఇద్దరూ ఈ చీలిక దగ్గర విడిపోయారు" అని వాడు వేలుపెట్టి చూపించాడు.