అటుకమీది ఆస్తి

పాత యిల్లు ఖాళీచేయునప్పుడు భోషాణములు, ఇత్తడి బిందెలు మనతో వచ్చును. అటుకమీది తాటాకు కట్టలు, పాత దస్తావేజులు పొయ్యిపాలగును. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో చల్లపల్లి జమీందారీ ముగిసెను. అంతమాత్రమున ఆనాటి శిస్తు రసీదులు వ్యర్థములు కావు. ఏ పొలము నెవరు దున్నిరో చెప్పు సాక్షులవి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో ఇండ్లనే తుడిచిపెట్టెను. మిగిలినదానినైన కాపాడుకొనవలదా? ఒకప్పుడు బందరులో కొలువుచేసిన బ్రౌను దొర సేకరించిన ప్రతులు చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకాలయమున నేటికిని నిలిచియున్నవి. కావున ఉపాధ్యాయులారా, తాళపుచెవి అప్పగించుటకు ముందు విద్యార్థులచే అటుక వెదకింపుడు. ఆకులు విరుగును గనుక కట్ట విప్పవలదు. పొడిగుడ్డతో తుడిచి, ఏ యూరిదో, ఏ యింటిదో చీటి వ్రాసి గ్రంథాలయమునకు చేర్పుడు. ఇల్లు కొన్నవారిదగును, చరిత్ర ఊరికి దక్కవలెను.