కొన్న పాటకు తాళము

పాటకు తాళ మనగానే సోదరీమణులకు చేతితో వేయు తాళము స్ఫురించును. నేను చెప్పబోవునది బీగము మాట. బజారులో చీర కొన్నచో అది మనది. కట్టుకొనవచ్చును, చెల్లెలికి ఈయవచ్చును, తుదకు బొంతగా కుట్టుకొనవచ్చును. రూకలిచ్చి కొన్న పాట మాత్రము చాలకాలము అట్లు మనది కాలేదు.

మా పినతండ్రి కుమార్తె అమెరికాలో కాపురమున్నది. ఆమె 2005 ప్రాంతమున ఇంటర్నెట్టులోని యొక దుకాణమున నూటికి పైగా పాటలు కొన్నది. కొన్నేండ్లకు పాత కంప్యూటరు నీరసించగా క్రొత్తది తెచ్చుకొని, పాటల ఫైళ్లను దానిలోనికి చేర్చి మీట నొక్కినది. పాటకు మారుగా అనుమతి లేదను నక్షరములు కనబడెను. దుకాణమువారి నడుగుదమన్న దుకాణమే మూతపడియుండెను.

ఇందలి కిటుకు ఇది. అమ్మువారు పాటను గూఢలిపిలోనికి మార్చి యిత్తురు. దానిని విప్పు తాళపుచెవి వేఱుగా నుండును. దానిని వారి సర్వరు మన కంప్యూటరునకు పంపి, ఎన్ని యంత్రములకు పంపినదో లెక్క వ్రాసికొనును. 2003 ఏప్రిలులో ఆపిల్ సంస్థ అమెరికాలో తెఱచిన ఐట్యూన్స్ దుకాణమున పాట వెల 99 సెంట్లు. మొదట మూడు, 2004 నుండి అయిదు కంప్యూటర్లకు తాళపుచెవి యిచ్చెడివారు. సర్వరు పనిచేయునంతవఱకు ఏ చిక్కును లేదు. అది ఆగిన పిదప క్రొత్త యంత్రము కొన్నచో, పాట యింటనే యున్నను చెవి లేని భోషాణమే.

ఇది ఒక్కరికి వచ్చిన చిక్కు కాదు. 2008 ఏప్రిలులో మైక్రోసాఫ్టువారు, తమ ఎమ్ఎస్ఎన్ మ్యూజిక్ దుకాణమున కొన్న పాటలకు ఆగస్టు 31 తరువాత క్రొత్త కంప్యూటర్లపై అనుమతు లీయజాలమని తెలిపిరి. కొన్నవారు గగ్గోలు పెట్టగా గడువును 2011 చివరి వఱకు పొడిగించిరి. అదే యేట యాహూవారును సెప్టెంబరు 30 తో తమ సర్వర్ల నాపుదుమని చెప్పి, పిదప పరిహార మీయ నొప్పుకొనిరి.

మఱి ఈ బీగమును తీయు దారి లేదా? దుకాణదారులే యొక దారి విడిచియుంచిరి. ఐట్యూన్స్ పాటలను సీడీపై ఎక్కించుకొనుటకు వారి నిబంధనలే అనుమతించినవి. సాధారణమైన సంగీతపు సీడీలో ఈ గూఢలిపి యుండదు. కావున ఎక్కించిన సీడీనుండి పాటను మరల కంప్యూటరులోనికి తీసికొన్నచో బీగము లేని ఫైలు చేతికి వచ్చును. అయితే కంసాలి నగను కరగించి మరల చేసినపుడు తరుగు పోయినట్లు, ఇందును కొంత తరుగు కలదు. ఆ పాట మొదటనే కుదించబడినది. మరల కుదించినచో నాదము ఇంకను పలుచబడును. కుదించక దాచినచో క్రొత్త నష్టముండదు గాని ఫైలు పెద్దదగును. ఒక్కొక్క సీడీ యెనుబది నిమిషములకు మించి పట్టదు. పాటల పేర్లు తఱచుగా మరల వ్రాసికొనవలసి వచ్చును. ఓపికగల యిల్లాలి పని!

బీగమును నేరుగా విఱుగగొట్టు సాధనములును పుట్టినవి. అచ్చట చట్టము అడ్డువచ్చును. అమెరికాలో 1998 నాటి చట్టము ప్రకారము, కొన్ని మినహాయింపులు తప్ప, బీగమును ఛేదించుటయే నిషిద్ధము. మన దేశమున 2012 లో కాపీరైటు చట్టమునకు చేర్చిన 65ఎ సెక్షను ఉద్దేశమును చూచును: హక్కులను భంగపఱచు తలంపుతో ఛేదించినవారికి రెండేండ్ల వఱకు ఖైదు, జరిమానాయు కలవు. నాకు మన చట్టమే న్యాయముగా తోచుచున్నది.

పాటల కంపెనీల భయమును నేను తేలికచేయను. ఒకరు కొని నూర్గురకు పంచినచో గాయనీగాయకుల పొట్ట గడచు టెట్లు? కాని బీగము వారి నాపినదా? 2007 ఫిబ్రవరిలో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ప్రకటించిన లేఖలో ఒక లెక్క కలదు. 2006 లో బీగము వేసి ఇంటర్నెట్టున అమ్మిన పాటలు 200 కోట్ల లోపు. ఆ కంపెనీలే బీగము లేక సీడీలపై అమ్మినవి 2,000 కోట్లకు పైగా. పెరటి తలుపు బార్లా తెఱచి వీధి తలుపునకు తాళము వేసినట్లున్నది! ఆ యేడే ఈఎమ్ఐ కంపెనీ తన పాటలకు బీగము తీసివేసెను. 2009 జనవరిలో తక్కిన పెద్ద కంపెనీలును ఐట్యూన్స్‌లో అందుల కంగీకరించినవి. పూర్వము కొన్నవారు పాటకు 30 సెంట్లు చెల్లించి బీగము లేనిదానిని, ఇబ్బడి నాణ్యముతో, పొందగలిగిరి. వేసిన తాళమును తీయుటకు మరల కూలి యేల యని నా ప్రశ్న.

నేడు బీగము వేఱొక యింట చేరినది. నెలనెల చందా కట్టి ఫోనులో దించుకొను పాటలకు అది యిప్పటికిని కలదు. చందా మానిననాడు అవి మ్రోగవు. వాని బీగమును ఛేదించుట నాకు సమ్మతము కాదు. అవి అద్దె సొమ్ము. కొన్న సొమ్ము కాదు. మీకు ప్రాణమైన పాట యేదైన నున్నచో, బీగము లేని ఎమ్‌పీ3 గానో సీడీగానో కొని రెండుచోట్ల దాచుకొనుడు.

మా చెల్లెలు దుకాణమున్న దినములలోనే రెండు సీడీలు చేసి మా పినతల్లికి పంపియుండెను. ఆ పాటలు నేటికిని ప్రొద్దుట వంటయింట మ్రోగుచునే యున్నవి. తక్కినవి ఆమె పాత కంప్యూటరులో నున్నవి. దానిని పాఱవేయుటకు ఆమెకు మనసొప్పక, పరుపుల బీరువా క్రింద గుడ్డ కప్పి యుంచినది.