మెదడును కొలిచే సాఫ్ట్‌వేర్‌.. అందరి సొత్తు

ఖైరతాబాద్‌: పంజాగుట్ట నిమ్స్‌కు నరాల జబ్బులతో వచ్చే రోగులకు ఎంఆర్‌ఐ స్కాన్‌ తీయడం పరిపాటి. ఆ చిత్రాన్ని వైద్యుడు కంటితో పరిశీలించడం ఒక ఎత్తు. ఏ భాగం ఎంత కుంచించుకుపోయిందో లెక్కగట్టడం మరో ఎత్తు. ఈ లెక్కల కోసం ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు వినియోగిస్తున్న సాఫ్ట్‌వేర్లలో ప్రధానమైనవి విద్యా పరిశోధనలకు ఉచితంగా లభిస్తున్నాయి. వాటి సోర్స్‌కోడ్‌నూ పరిశీలించే వీలుంది.

పనిచేసే తీరు

సాఫ్ట్‌వేర్‌ తొలుత స్కాన్‌లోని తేడాలను సరిచేస్తుంది. పుర్రె భాగాన్ని తొలగించి మెదడును మాత్రమే వేరు చేస్తుంది. అనంతరం దానిని ఒక ప్రామాణిక పటంతో సరిపోల్చి, ఒక్కో భాగం పరిమాణాన్ని లెక్కిస్తుంది. లండన్‌లో రూపొందిన ఎస్‌పీఎం, ఆక్స్‌ఫర్డ్‌ వర్సిటీకి చెందిన ఎఫ్‌ఎస్‌ఎల్‌, అమెరికాలో తయారైన ఏఎఫ్‌ఎన్‌ఐ ఈ కోవలో పేరొందాయి.

మనకు మన పటం

ప్రామాణిక పటంగా చిరకాలం కెనడాలోని మాంట్రియల్‌ సంస్థ 152 మంది చిత్రాలతో రూపొందించినదే చెలామణి అయింది. పాశ్చాత్యుల కొలతలతో పోల్చితే మనవారి ఆరోగ్యకరమైన మెదడు సైతం కుంచించుకుపోయినట్లు కనిపించే ప్రమాదముంది. దీంతో గచ్చిబౌలి ట్రిపుల్‌ఐటీలో ఆచార్య జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి 100 మంది భారతీయుల స్కాన్‌లతో ప్రత్యేక పటాన్ని 2019లో వెలువరించింది. భారతీయుల మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణం సగటున పాశ్చాత్యుల కన్నా తక్కువని అందులో తేలింది.

తప్పు బయటపడిందిలా..

సోర్స్‌కోడ్‌ దాచకపోవడం వల్ల కలిగే మేలు 2016లో స్పష్టమైంది. స్వీడన్‌ పరిశోధకుడు ఆండర్స్‌ ఎక్లండ్‌ బృందం, బహిరంగంగా పంచుకున్న 499 మంది ఆరోగ్యవంతుల స్కాన్‌లతో పై మూడు సాఫ్ట్‌వేర్లనూ పరీక్షించింది. 5 శాతానికి పరిమితం కావాల్సిన తప్పుడు ఫలితాలు కొన్ని పద్ధతుల్లో 70 శాతం దాకా వచ్చాయి. ఏఎఫ్‌ఎన్‌ఐలో 15 ఏళ్లుగా దాగిన లోపమూ వెలుగుచూసింది. దానిని 2015లోనే సరిదిద్దారు. లెక్క చేసిన తీరు, స్కాన్‌లు అందరికీ అందుబాటులో ఉండటంతోనే ఇది సాధ్యమైంది.

అమీర్‌పేటలో నేర్పే భాషే

వేర్వేరు సాఫ్ట్‌వేర్లను ఒకే వరుసలో నడిపించే 'నైపైప్‌' కూడా అందుబాటులో ఉంది. దానిని రాసింది పైథాన్‌లోనే. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో ఉద్యోగాల కోసం యువత నేర్చుకుంటున్న భాష ఇదే. గణాంకశాస్త్రం, శరీర నిర్మాణంపై అవగాహన తోడైతే ఈ పరిశోధనలో వారూ పాలుపంచుకోవచ్చు. అయితే ఇవి పరిశోధన సాధనాలు మాత్రమే. రోగ నిర్ధారణలో తుది మాట వైద్యుడిదే.